మూడేళ్ళ అయిదు నెలలు బతికిన టీవీ

మా ఇంట్లో మొదటి టీవీ పంతొమ్మిదేళ్ళ రెండు నెలలు పనిచేసింది. రెండోది మూడేళ్ళ అయిదు నెలలు. ఇవి గుర్తున్నంతలో చెబుతున్న అంకెలు కావు. ఏ వస్తువు కొన్నా ఆ రోజు తేదీని దాని వెనక భాగంలో చెరగని సిరాతో రాసి పెట్టడం, అది ఇక పనిచేయదని తేలిన రోజున ఆ పక్కనే రెండో తేదీ వేయడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అలవాటు. గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక అరకు లోయలోనే, ఆఖరున పనిచేసిన ఊళ్ళోనే, రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండిపోయాను.

మొదటి మిక్సీ పదహారేళ్ళు వచ్చింది. రెండోది ఆరు. మూడోది నాలుగో ఏడు నిండకుండానే కాలిన వాసన వేసి ఆగింది. మొదటి ఫ్రిజ్ ఇరవై రెండేళ్ళు నడిచింది. ఆగిపోయాక దాన్ని పక్కింటివాళ్ళు రాగులు పోసుకోవడానికి పట్టుకెళ్ళారు, ఎలుక దూరదని. తర్వాత కొన్న ఫ్రిజ్‌కి ఎనిమిదో ఏట గ్యాస్ పోయింది, నింపించిన మూడు నెలలకే మళ్ళీ పోయింది. సాలూరులో మా అమ్మ వాడిన ఇస్త్రీపెట్టె నా దగ్గరే ఉంది. దాని మీద మొదటి తేదీ లేదు, అమ్మకి ఆ అలవాటు లేదు. రెండో తేదీ వేయవలసిన అవసరం ఇంకా రాలేదు.

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు కనుక, ఏదైనా కొనబోయే ముందు నన్ను అడుగుతారు. ఏది మంచిదో నేను చెప్పను. పాతవి ఇంతకాలం వచ్చాయి, కొత్తవి ఇంతకాలం వస్తున్నాయి అని మాత్రం చెబుతాను. కొండ మీద కరెంటు హెచ్చుతగ్గులు, వానాకాలం పిడుగులు, వేడి కోసం లోపల గూడు పెట్టే చీమలు, వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోమంటాను. రెండో టీవీ మాట వస్తే మాత్రం మూడేళ్ళ అయిదు నెలలు అని ఊరుకుంటాను. ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ టీవీని చూసింది నేను కాదు, మా చెల్లెలు.

నాకంటే నాలుగేళ్ళు చిన్నది. గుమ్మలక్ష్మీపురం వైపు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. పెళ్ళయిన మూడో ఏట భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను పెళ్ళే చేసుకోలేదు. ఆమె రిటైరైన నెలలోనే రెండు ట్రంకు పెట్టెలతో నా దగ్గరికి వచ్చేసింది. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు, మాట తీరు సరిగా ఉండాలని ఇద్దరినీ సమానంగానే కొట్టాడు. నాకు అబ్బింది, ఆమెకి అబ్బలేదు. డెబ్భై దగ్గర పడుతున్నా సాలూరు వీధి మాటే మాట్లాడేది. నేనూ ఆమెని చిన్నప్పటిలాగే, మా వైపు చిన్నపిల్లని పిలిచినట్టు, గుంటా అని పిలిచేదాన్ని.

ఆమెకి క్రికెట్ పిచ్చి. హాస్టల్లో పెద్ద తరగతుల పిల్లలతో కూర్చుని చూసి చూసి పట్టుకుంది. ఒక ఎడమచేతి బౌలరంటే ప్రాణం. బంతి వేయబోయే ముందు గోళ్ళు కొరుక్కుంటాడట, పరీక్ష హాల్లో కూర్చున్న హాస్టల్ పిల్లల్లాగ. "నా గుంటడు ఈవేళ ఆడతన్నాడా?" అని పొద్దున్న కాఫీ దగ్గరే అడిగేది. ఆట నాకు పెద్దగా అర్థమయ్యేది కాదు. కాని ఆటలో లెక్కలున్నాయి. అందుకని నేనూ కూర్చునేదాన్ని.

"అక్కా, ఇంకెంత కావాల?"

"ముప్పై నాలుగు బంతులకి యాభై ఒకటి."

"అంటే?"

"ఓవరుకి తొమ్మిది."

"అలా సెప్పు. బంతులెవులు లెక్కెడతారు."

పదేళ్ళు ఇలా జరిగింది. మొదటి ఆరున్నరేళ్ళు పాత టీవీ ముందు, తర్వాత కొత్తదాని ముందు. మొదట్లో కూడికలు ఆమెకి రావనుకున్నాను. తర్వాత తెలిసింది, హాస్టల్లో రెండువందల మంది పిల్లల బియ్యం లెక్క నోటితో వేసిన మనిషి. నేనున్నాను కదా అని వేయడం మానేసింది, అంతే.

కొత్త టీవీ పలచగా, గోడకి తగిలించేది. నవంబరు ఎనిమిదిన కొన్నాం. గ్యారంటీ మూడేళ్ళు. అట్టపెట్టె మూడేళ్ళూ అటక మీద జాగ్రత్త చేసి, గ్యారంటీ అయిన మర్నాడు పక్కింటామెకి ఇచ్చేశాను. ఆమె అందులో కోడిని పొదగేసింది. ఈ పక్కింటామె కాఫీ, మిరియాల తోట చేసుకునే మనిషి. భర్తకి ఆటో ఉంది. మాకు ఏ అవసరం వచ్చినా వాళ్ళే.

చెల్లెలికి అప్పటికే రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి. ఆపరేషన్ చేయిద్దామని విశాఖపట్నం తీసుకెళ్తే, ముందు గుండె పరీక్ష చేయించుకురమ్మన్నారు. ఆ పరీక్షలో గుండె కండరం బాగా బలహీనపడిందని తేలింది. కళ్ళ ఆపరేషన్ ఆగిపోయింది. టీవీ గ్యారంటీ అయిన మూడు నెలలకి, ఫిబ్రవరి పన్నెండున పెద్ద డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, ఆరు నెలలు చూసుకోండి అన్నాడు. బయటికి రాగానే చెల్లెలు, "ఎంతన్నాడు?" అంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. ఆరు నెలలన్నాను. "ఐతే ఎండాకాలం మ్యాచ్‌లు అన్నీ అయిపోతాయిలే," అంది.

చూపు మందగించిన కొద్దీ ఆమె టీవీ వెలుతురు పెంచుకుంటూ పోయింది. వందకి వంద పెట్టేది. నేను సగానికి తగ్గించేదాన్ని. నేను వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ వంద. ఈ తగువు ఏడాదికి పైగా నడిచింది.

ఏప్రిల్ ఎనిమిదిన, టాస్ వేసిన కాసేపటికి తెర నల్లబడిపోయింది. మాటలు వినబడుతూనే ఉన్నాయి. గ్యారంటీ అయి సరిగ్గా అయిదు నెలలు.

మర్నాడు అరకు బజారు నుంచి మెకానిక్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మా పాత టీవీని అయిదుసార్లు బాగుచేసింది వాళ్ళ నాన్న. ఇతను కిటికీ మూసి, సంచిలోంచి టార్చి తీసి, నల్లటి తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టాడు. ఆ వెలుగు పడినంత మేర, సన్నగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు బొమ్మ కదులుతోంది.

"బొమ్మ ఉందమ్మా. వెలుగే లేదు," అన్నాడు. "తెర వెనకాల చిన్న చిన్న బల్బుల పట్టీలుంటాయి. ఒకటి పోతే వరసంతా ఆరిపోతుంది. వెలుతురు ఎంతలో పెట్టుకున్నారు?"

"అక్క ఏబైలో ఎడతాది, నేను వందలో ఎడతాను," అంది చెల్లెలు.

"సగంలో ఉంచుకుంటే ఇంకో రెండు మూడేళ్ళు వచ్చుండేది."

నేను ఆమె వైపు చూశాను.

"అలా సూడకక్కా. సగం ఎలుగులో నాకు నువ్వే కనబడవు."

మెకానిక్ నవ్వి, కొత్తది తీసుకోండి టీచరమ్మగారూ అన్నాడు. మూడేళ్ళకే మార్చేస్తారా, మీ నాన్న ఒక్క టీవీని పంతొమ్మిదేళ్ళు నడిపించాడు అన్నాను. "నాన్న కాలంలో విప్పితే అతుకు వేయడానికి ఏదో ఒకటి దొరికేదమ్మా. ఇప్పుడు విప్పితే మార్చడమే. కొత్తదానికి మూడేళ్ళు గ్యారంటీ ఇస్తారు."

"నాకంత గ్యారంటీ లేదు బాబూ," అంది చెల్లెలు. "ఆర్నెల్ల గ్యారంటీది ఏదైనా ఉంటే సూడు. నాకూ దానికీ సరిపోద్ది."

అతను నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

ఆ మాటకి నేను కోప్పడవలసింది. ఏ అక్కయినా కోప్పడుతుంది. నేను మాత్రం ఆ క్షణాన మనసులో తీసివేత చేస్తున్నాను. ఆరు నెలల్లో యాభై ఆరు రోజులు గడిచాయి. మిగిలింది నాలుగు నెలల చిల్లర. పట్టీలు మారిస్తే ఈ టీవీ ఏడాదైనా నడుస్తుంది. అటువంటప్పుడు మూడేళ్ళది ఎందుకు? డబ్బుకి ఇబ్బంది లేదు, రెండు పెన్షన్లు వస్తున్నాయి. లెక్క అలా వచ్చింది, అంతే. ఇప్పుడు ఎన్నిసార్లు వేసినా అలాగే వస్తుంది. ఆ లెక్క వేయకూడదని మాత్రం అప్పుడు నాకు తోచలేదు.

"పట్టీలు తెప్పించు," అన్నాను.

అవి రావడానికి పది రోజుల పైనే పడుతుందన్నాడు. అతను వెళ్ళగానే చెల్లెలు, "అక్కా, మన టార్చి ఏదీ?" అంది.

ఆ రోజు నుంచి మేం టార్చితో మ్యాచ్‌లు చూశాం. ఏప్రిల్ తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా, పదకొండు రోజులు. కిటికీకి రగ్గు కట్టి, ఆమె మంచాన్ని టీవీకి మూరెడు దూరానికి జరిపాను. స్టూలు మీద కూర్చుని నేను టార్చి పట్టుకోవాలి. పళ్ళెమంత వెలుగు. ఆ పళ్ళెంలో ఎంత పడితే అంతే ఆట. బౌలరు పరిగెత్తుకొస్తుంటే వాడి వెంట టార్చి పోవాలి, బంతి వేశాక బ్యాటు మీదికి రావాలి, కొడితే బంతి పోయిన వైపు పోవాలి. నా చెయ్యి ఎప్పుడూ ఒక బంతి వెనకబడి ఉండేది. పైగా అలవాటు కొద్దీ మాటిమాటికీ కింద మూలకి, స్కోరు మీదికి జారేది.

"కిందకెల్తావేటి? పైకి, పైకి."

"స్కోరు చూడనీ."

"స్కోరు వాళ్ళు నోటితో సెప్తారు. గోళ్ళు కొరుకుడు నోటితో సెప్పరు కదా. నా గుంటడి మీద ఎట్టు."

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటామె పచ్చి మిరియాలు ఇవ్వడానికి వచ్చింది. చీకటి గదిలో మమ్మల్ని చూసి గుమ్మంలోనే కూలబడి నవ్వింది. "ఏటి టీచరమ్మా, ముళ్ళపందిని ఎతుకుతన్నారేటి?" అంది. చెల్లెలు అంతకంటే ఎక్కువ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చేది. వీపు రాస్తే సర్దుకునేది. సర్దుకోగానే, "టార్చి అక్కడే ఉంచు, వికెట్టు పడ్డాది," అనేది.

ఆ పదకొండు రోజుల్లో ఆమె తిండి కూడా కాస్త పెరిగింది. నేను తారీఖుల వారీగా రాసుకున్నాను కనుక చెబుతున్నాను. పూటకి ఒక ఇడ్లీ తినే మనిషి రెండు తిన్న రోజులు అయిదున్నాయి. ఆ సంగతి అప్పుడు రాసుకున్నాను గాని, దాన్ని టార్చితో కలిపి చూడలేదు. నాకు సగం పనిచేసే వస్తువు గిట్టదు. గోడ మీద అంత టీవీ ఉండి పళ్ళెమంత బొమ్మ చూడడం నాకు లోపంగా కనబడింది. ఆమెకి నిండు తెర చూపించాలని నా పట్టుదల.

పంతొమ్మిదిన మెకానిక్ ఫోన్ చేశాడు. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. పెరట్లో పనసచెట్టు దగ్గరే అందుతుంది. నేను అక్కడ ఉండగా వచ్చింది. పట్టీలు వచ్చాయమ్మా, గురువారం అట్టపెట్టె పట్టుకుని నేనే వచ్చి టీవీ తీసుకెళ్తాను అన్నాడు. గురువారమంటే ఇరవై మూడు. పక్కింటాయన ఆటో సోమవారం, అంటే ఇరవైనే, అరకు వెళ్తోంది. రేపే నేను తెస్తానన్నాను. "వద్దమ్మా, మీరు తేకండి, నేను వస్తాను," అన్నాడు. మూడు రోజులు కలిసొస్తాయి కదా అనుకున్నాను.

"ఇప్పుడు బాగానే ఉంది కదక్కా, ఉండనీ," అంది చెల్లెలు. "రేపు మజ్జానం మ్యాచ్ ఉంది."

"రెండు రోజుల్లో తెర నిండా చూద్దువుగాని."

"నాకిలాగే బాగున్నాది. నువ్వు పక్కనుంటన్నావు."

ఆ మాట విన్నాను. వినలేదని చెప్పలేను. టార్చి పట్టుకోకపోయినా పక్కనే ఉంటాను కదా అని జవాబు కూడా చెప్పాను.

పాత టీవీని నేను నాలుగు బదిలీల్లో నాలుగు ఊళ్ళు తిప్పాను. దాని బరువంతా ముందు అద్దంలో ఉండేది. అద్దం కిందికి వచ్చేలా తలగడ మీద బోర్లా పడుకోబెట్టి, వెనక డొప్ప మీద చేతులు వేసి అదిమిపట్టుకోవాలి. కొండదారిలో జీపులో, బస్సులో అలాగే తీసుకెళ్ళాను. ఒక్క గీత పడలేదు. తోటి టీచర్లు టీవీ మోసుకెళ్ళవలసి వస్తే నన్ను అడిగి అలాగే చేసేవారు. ఆ సోమవారం కొత్త టీవీని గోడ మీంచి దింపి, ఆటోలో నా ఒళ్ళో తలగడ వేసుకుని, దాన్ని బోర్లా పెట్టి, రెండు చేతులతో అదిమిపట్టాను. దారి తొమ్మిది కిలోమీటర్లు. గోతి వచ్చినప్పుడల్లా మరింత గట్టిగా పట్టుకున్నాను.

పక్కింటాయన టీవీని దుకాణంలో పెట్టి బయటికి వెళ్ళాడు. మెకానిక్ దాన్ని నిలబెట్టి, కరెంటిచ్చి, టార్చి వేశాడు. బొమ్మ లేదు. మధ్యలో ఒలికిన సిరాలాంటి నల్ల మరక, దాని చుట్టూ సాలెగూడులా గీతలు.

"ఎలా తెచ్చారమ్మా?"

"బోర్లా. తలగడ మీద."

"చేతులు?"

"కదలకుండా వీపు మీద అదిమిపట్టాను."

అతను టార్చి ఆర్పేశాడు. "పాతదానికైతే అదే పద్ధతమ్మా. మా నాన్న కూడా అలాగే తెచ్చేవాడు," అన్నాడు.

"మరి ఇది?"

"ఇది అప్పడం లాంటిదమ్మా. నిలబెట్టే తేవాలి. అందుకే పెట్టె పట్టుకుని వస్తానన్నాను. ఇప్పుడు ఈ అద్దం మార్చడమంటే కొత్త టీవీ కొన్నట్టే."

బల్ల మీద పెన్ను ఉంది. అలవాటు ప్రకారం టీవీ వెనక రెండో తేదీ వేయడానికి తీసుకున్నాను. అది పోయిన రోజు ఏది? వెలుగు పోయింది ఎనిమిదిన. ఆ తర్వాత పదకొండు రోజులు మా చెల్లెలు దాన్నే చూసింది. కనుక పోయింది ఇరవయ్యో తారీఖున, నా ఒళ్ళో. నేను ఏప్రిల్ ఎనిమిది అని వేశాను. నా చేత్తో తప్పు తేదీ వేసిన ఒకే ఒక్క వస్తువు అది.

ఆ దుకాణానికి నాలుగు అంగళ్ళ అవతల కొత్త టీవీలు అమ్ముతారు. దాని ముందు నిలబడ్డాను. కొని పట్టుకెళ్తే, బాగుచేయించడానికి తీసుకెళ్ళింది ఏమైందని అడుగుతుంది. వద్దంటే వినకుండా తీసుకెళ్ళి నేనే పగలగొట్టానని చెప్పాలి. ఆ పైన పాత తీసివేత కూడా లోపల ఉండనే ఉంది, నాలుగు నెలల కోసం మూడేళ్ళది ఎందుకని. లోపలికి వెళ్ళకుండా ఆటో ఎక్కాను.

ఇంటికి రాగానే చెల్లెలు, "ఏటన్నాడు?" అంది.

"వచ్చిన పట్టీ సరిపోలేదట. ఇంకోటి విశాఖపట్నం నుంచి రావాలి."

"సరే," అంది.

పక్కింటివాళ్ళ టీవీ రెండేళ్ళ కిందటే పిడుగుకి పోయింది. ఆమెని వేరే ఇంటికి నడిపించే పరిస్థితి లేదు. ఆ పోటీల మాటలు రేడియోలో రావు. నేను పనసచెట్టు దగ్గరికి వెళ్ళి, ఫోన్లో స్కోరు చూసి, వచ్చి చెప్పేదాన్ని. అరవై రెండు అడుగులు. నేను వచ్చి చెప్పేసరికి అక్కడ మరో నాలుగు బంతులు అయిపోయేవి.

"నువ్వు సెప్పినోడు ఈపాటికి అవుటైపోయుంటాడు," అనేది. ఇంకోరోజు, "లెక్క సెప్తావు గానీ ఆట సెప్పవక్కా," అంది.

అందుకని ఆట చెప్పడానికి ప్రయత్నించాను. నీ వాడు రెండు ఓవర్లు వేశాడు, పదకొండు పరుగులిచ్చాడు, ఒక వికెట్టు తీశాడు అని చెప్పి, వేసే ముందు గోళ్ళు కొరుక్కున్నాడు అని కలిపాను.

"ఫోన్లో అంకెలే వస్తాయన్నావు. గోళ్ళు కూడా కనబడతన్నాయేటి?" అంది. కళ్ళు మూసుకునే నవ్వింది.

మే ఒకటిన కాళ్ళు బాగా వాచి, ఊపిరి అందక అరకు ఆసుపత్రిలో చేర్చాం. అయిదు రోజులుంచి పంపారు. వచ్చాక ఎక్కువసేపు నిద్రలోనే ఉండేది. లేచినప్పుడు అడిగేది ఒకటే, టీవీ సంగతి. నేను ఎల్లుండి అనేదాన్ని, వచ్చే వారం అనేదాన్ని, మెకానిక్‌కి జ్వరమనేదాన్ని. చివరికి పద్దెనిమిదో తారీఖు సోమవారం కొత్తది కొని తెచ్చి, జరిగింది చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. సోమవారమే ఎందుకంటే, ఆ రోజు పక్కింటాయన ఆటో ఖాళీగా ఉంటుంది. శనివారం, మే పదహారున, తెల్లవారి అయిదు నలభైకి చెల్లెలు పోయింది. ఆరు నెలలన్నవి తొంభై మూడు రోజులయ్యాయి. టీవీ తీసుకెళ్ళినప్పటి నుంచి ఇరవై ఆరు.

మిషన్ చర్చి తోటలో సమాధి చేశాం. పదకొండో రోజు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టాను. పాస్టరుగారు, చర్చివాళ్ళు, ఆమె హాస్టల్లో చదువుకున్న ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. అందరూ వెళ్ళిపోయాక పెరట్లో నేనూ పక్కింటామే గిన్నెలు తోముతున్నాం. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆ పూట గడవదనిపించింది. టీవీ బాగుచేయించడం కుదరక కాదు, దాన్ని నేనే పాడుచేశానని, చెల్లెలితో అబద్ధం చెప్పానని అన్నాను.

ఆమె తోమడం ఆపలేదు. "వార్డెనమ్మకి తెలుసు కదా టీచరమ్మా," అంది.

"ఏం తెలుసు?"

"తలగడ మీద బోర్లా ఎట్టి తెచ్చారని, లోపల అద్దం పగిలిపోనాదని. మెకానిక్కు మాయనతో సెప్పినాడు. ఆ సాయంత్రం మీరు పాలకెల్నారు కదా, అప్పుడే మాయన వచ్చి వార్డెనమ్మతో అనేసినాడు. మీరు సెప్పేసుంటారనుకున్నాడు."

"ఆమె ఏమంది?"

"తెలిసినట్టు మా అక్కతో అనకండి అంది. తప్పు సెయ్యడం అలవాటు లేని మనిషి, ఒకపాలి సేసింది, ఎలా సెప్పాలో తెలవక తిరగతంది, తిరగనీండి అంది." గిన్నె బోర్లించి చెయ్యి తుడుచుకుంది. "తనే సెప్తాది, తొందరేటి, అంది."

అబద్ధం నేను తొమ్మిదిసార్లు చెప్పాను. ఏ రోజు ఏమని చెప్పానో కూడా నాకు గుర్తుంది. మొదటిసారి తప్పిస్తే, మిగతా ఎనిమిదిసార్లూ ఆమె అడగడం నా వైపు తిరిగే అడిగింది. నేను జవాబు మొదలుపెట్టగానే కిటికీ వైపుకి తిరిగి పడుకుని, నా మాట పూర్తయ్యే దాకా అటే ఉండి, అప్పుడు సరే అనేది. అలా ఎడమ పక్కకి తిరిగితే ఊపిరి సులువుగా ఆడుతుందేమోనని, అప్పట్లో నేను అటు వైపు ఇంకో తలగడ సర్దాను.